బడి విడిచిన పిదప: పిల్లల కాపరి ఆత్మపరీక్ష

సాయంకాలము బడి గంట మ్రోగును. సంచులు భుజమున వైచికొని పిల్లలు వీథిని బడుదురు. అది మొదలు అన్నము తిని నిద్రించు వరకుగల నాలుగైదు గంటల కాలము బిడ్డ ఎవరి చేతిలో నుండును? తల్లిదండ్రు లింకను పొలమునుండియో, పనినుండియో రాలేదు. సాయంకాలపు చదువులు చెప్పు పంతులో, వసతిగృహపు సంరక్షకుడో, ఆటలాడించు పడుచువాడో ఆ వేళకు వారికి దిక్కు. పగటి బడిలోని ఉపాధ్యాయునకు శిక్షణ కలదు, పరీక్ష కలదు, తనిఖీ కలదు. ఈ సాయంకాలపు కాపరి కోపమును తనిఖీ చేయువా రెవరు? అతని విసుగును, అతని అహంకారమును కొలిచి చూచువా రెవరు?

అట్టివాడు తన్ను తానే తనిఖీ చేసికొనవలెనని తలచి, ఆ పని ఎట్లు చేయవలెనో ముప్పది సంవత్సరములు ఆచరించి చూపిన మహనీయు డొకడు పోలండు దేశమున నుండెను. ఆయన పేరు యానుష్ కొర్చాకు. ఆయన చరిత్రమును, అందు మనకు పనికివచ్చు భాగమును మీకు విన్నవింపదలచితిని.

బడి తరువాతి కాల మొక సమస్య యగుట మిక్కిలి పురాతనమైన సంగతి కాదు. పూర్వము పిల్లలు పెద్దల వెంట పనిలోనే పెరిగిరి. 19వ శతాబ్దమున పాశ్చాత్య నగరములందు కర్మాగారములు లేచినవి. తల్లిదండ్రులు వానిలో కూలికి కుదిరిరి. క్రమముగా పిల్లలను పనినుండి తప్పించి బడికి పంపు చట్టములు వచ్చినవి. అపుడు బడికిని ఇంటికిని నడుమ నొక వెలితి యేర్పడినది. ఆ వెలితిని వీథి పూరించినది. అమెరికాలోని హార్ట్‌ఫర్డు పట్టణమున 1860లో కొందరు స్త్రీలు వీథులలో దిరుగు బాలురను జేరదీసి యొక సంఘమును నెలకొల్పిరి. 1889లో జేన్ ఆడమ్స్, ఎలెన్ గేట్స్ స్టార్ అను నిరువురు వనితలు చికాగో నగరమున ‘హల్ హౌస్’ అను సేవాగృహమును తెరచి, వలసవచ్చిన కూలీల పిల్లలకు ఆటలు, చేతిపనులు, చదువులు సమకూర్చిరి. ఇట్టి చోటులను గూర్చి తలచినపుడు మనకు మొదట తోచు ప్రశ్న యేమి? పిల్లలకేమి నేర్పవలెననునదే. కొర్చాకు దీనికంటె ముం దడుగవలసిన ప్రశ్న యొకటి కలదనెను. పిల్లలను కాచువాడు తన్ను గూర్చి తా నేమి యెరుగును?

కొర్చాకు అసలు పేరు హెన్రిక్ గోల్డ్‌ష్మిట్. వార్సా నగరమున నొక యూదు కుటుంబమున జన్మించెను. తండ్రి న్యాయవాది. ఆ తండ్రికి మతి చలించి, కడకు 1896లో మరణించుటచే ఇల్లు చితికిపోయెను. చదువుకొను వయస్సుననే ఈయన ఇంటింట పాఠములు చెప్పి తల్లిని పోషింపవలసి వచ్చెను. తరువాత వైద్యము చదివి పిల్లల వైద్యుడయ్యెను.

1904వ సంవత్సరపు వేసవి. అప్పటికాయన వైద్యవిద్యార్థి. నగరములోని పేద యూదు బాలురను కొన్ని వారములపాటు పల్లెపట్టునకు గొనిపోవు వేసవి విడిదికి సంరక్షకుడుగా బోయెను. మంచి మనస్సు కలదు, ఆటలకు సామాగ్రి కలదు. ఇంకేమి కావలెనని యనుకొనెను. కాని ఒక్క బాలు నెదుట గూర్చుండి పాఠము చెప్పుట వేరు. గుంపును గాచుట వేరు. ఒకనాటి రాత్రి శయనశాలలో అల్లరి చెలరేగెను. ఆయన గద్దించెను. అల్లరి యడగలేదు. ఇంకను గద్దించెను. కడకొక బాలుని చెవి పట్టి లాగి, నిన్ను వసారాలోనికి ద్రోసెదను, అచ్చట కుక్కను విప్పి వదలినారు సుమా యని బెదరించెను. చీకటిలో, ఇల్లు విడిచి వచ్చిన ఒక చిన్నవానితో బలిమిగల పెద్దవా డన్న మాట అది.

ఈ సంగతి గిట్టనివా రెవరో చెప్పగా లోకమునకు దెలిసినది కాదు. ‘బిడ్డను ప్రేమించుట యెట్లు’ అను తన గ్రంథమున కొర్చాకే దీనిని వ్రాసికొనెను. ఆ గ్రంథమునం దధికభాగము మొదటి ప్రపంచ యుద్ధకాలమున, ఆయన సైనిక వైద్యుడుగా నుండగా వ్రాయబడినది. పిల్లలు చెడ్డవారైనందున ఆ రాత్రి యట్లు జరిగినదని ఆయన వ్రాయలేదు. తనకు వారి పేర్లు తెలియవు, వారి భయములు తెలియవు. తనకు గలిగినది ధర్మాగ్రహము గాక, పరువు పోవునేమోయను బెదరు మాత్రమేనని గుర్తించెను. బెదరినవాడు బెదరించును. ఆయన విద్య ఆ గుర్తింపునుండి యారంభమైనది.

1912లో వార్సాలోని క్రొహ్మల్నా వీథియందు అనాథ బాలబాలికల కొఱకు నూతన గృహము నిర్మింపబడెను. కొర్చాకు ఆస్పత్రి యుద్యోగమును విడిచి దానికి అధ్యక్షుడయ్యెను. స్టెఫానియా విల్చిన్‌స్కా యను విదుషీమణి ఆయనకు కుడిభుజముగా నిలిచెను. ఇంటి నిర్వాహమంతయు ఆమెదే. నూరుమందికి పైబడిన పిల్లలు పగలు నగరములోని బడులకు బోయి చదువుకొని, మధ్యాహ్నమునకు గృహము చేరుదురు. కాబట్టి ఆ గృహమున జరుగునదంతయు బడి వెలుపలి విద్య. పాఠములు చదివించుట, ఇల్లు ఊడ్పించుట, తగవులు తీర్చుట, రాత్రి యేడ్చు పిల్లవాని ప్రక్కన గూర్చుండుట.

ఆ గృహమున నొక న్యాయస్థాన మేర్పడెను. న్యాయాధిపతులు పిల్లలే. ఆ వారమున తమపై ఏ ఫిర్యాదును లేనివారిలోనుండి ఐదుగురిని చీట్లు వేసి యెన్నుకొందురు. ఎవ్వరు ఎవ్వరిపైనను ఫిర్యాదు చేయవచ్చును, పెద్దలపైనను చేయవచ్చును. కొర్చాకు దానికొక ధర్మశాస్త్రము వ్రాసెను. అందు 1వ నిబంధన మొదలు 99వ నిబంధన వరకు ఏదో యొక కారణమున క్షమించునవే. 100వ నిబంధనయందు గాని తప్పు స్థిరపడదు. అటుపై నూరేసి చొప్పున కాఠిన్యము పెరిగి, 1000వ నిబంధనతో గృహమునుండి వెడలగొట్టుటతో ముగియును. మొదట నీ న్యాయస్థానము తడబడెను. పిల్లలు దానిని పరిహాసము చేసిరి. కొంతకాల మాపివేసి, మార్పులు చేసి మరల నెలకొల్పవలసి వచ్చెను.

ఇంక వినదగిన విశేషము. ఆరు నెలల వ్యవధిలో కొర్చాకు తనపై తానే ఐదు పర్యాయములు ఫిర్యాదు చేసికొనెను. ఒక బాలుని చెవిపై గొట్టినందు కొకటి. ఒకనిని శయనశాలనుండి వెడలగొట్టినందు కొకటి. ఒకనిని మూల నిలువబెట్టినందు కొకటి. న్యాయాధిపతియైన బాలు నవమానించినందు కొకటి. ఒక బాలికపై దొంగతనము శంకించినందు కొకటి. నేరస్థుని స్థానమున నిలిచి, తా నేమి చేసెనో, ఎందులకు చేసెనో వ్రాసియిచ్చి, పదేండ్ల పిల్లల తీర్పునకు తలయొగ్గెను. తనకు కొత్తగా శిక్షణ నిచ్చి, న్యాయవంతుడగు సంరక్షకునిగా దీర్చినది ఈ న్యాయస్థానమేనను భావమును ఆయన వెల్లడించెను.

పెద్దలారా, మన పంచాయతీలలో మీరెన్ని తగవులు తీర్చియుందురో! పెద్దమనిషి తన తప్పును తానే సభలో నొప్పుకొనిన నేమగునో మీకు తెలియును. పరువు పోవునని భయపడుదుము. కొర్చాకు గృహమున పరువు పోలేదు. ఐనను ఆయన చేసినదానిని వింతగా జెప్పుకొని యూరకుండుట తగదు. అందలి కిటుకును గ్రహింపవలెను. ఫిర్యాదు వ్రాయవలెనన్న, చేసిన పనిని వివరముగా జూడవలెను. చూచినపుడు గాని, ఆ చెంపదెబ్బకు ముందు తన మనస్సులో నేమి కదలెనో తెలియదు. ఆకలియా? అలసటయా? మరియొకనిపై గల కోపము బలహీనునిపై బడినదా? ఇది తెలిసినవాడు రెండవమారు చేయి లేవకముందే దానిని గుర్తుపట్టగలడు. తెలియనివాడు క్రమశిక్షణ యను పేరుతో అదే చేయిని మరల మరల లేపుచుండును.

ఇట్టి చూపు తన యొక్కని యందే యుండిన చాలదని కొర్చాకునకు దెలియును. 1923లో ఆ గృహమునకు అనుబంధముగా ‘బుర్సా’ యను యువజన వసతి యేర్పడెను. గృహమున బెరిగి పెద్దవారైనవారును, నగరమున విద్యనభ్యసించు యువతీయువకులును అందు జేరి, భోజన వసతులకు బదులుగా దినమునకు కొన్ని గంటలు పిల్లలను గాచెడివారు. నేటి సాయంకాలపు పాఠశాలల సహాయకుల వంటివారే వీరు. ఉత్సాహ మధికము, అనుభవము స్వల్పము.

వీరిలో ప్రతివారు నొక నోటుపుస్తకము నుంచుకొనవలెను. పిల్లలయందు తాము చూచినది, తమకు తోచినది, తమకు కలిగిన కష్టము, తాము చేసిన పొరపాటు అందు వ్రాయవలెను. స్టెఫానియా విల్చిన్‌స్కా ఆ పుస్తకములను చదివి, ప్రక్కన తన మాట వ్రాసి తిరిగి యిచ్చెడిది. తరువాత కొర్చాకుతో గూడి అందరు సభ తీరి చర్చించెడివారు. వైద్యుడు రోగి ప్రక్కన గూర్చుండి జ్వరము, నాడి, నిద్ర వ్రాసికొనునట్లు, కాపరి బిడ్డను గూర్చి వ్రాసికొనవలెనని ఆయన మతము. వ్రాతయందు ‘వీడు మొండివాడు’ అని తీర్పు చెప్పుట కాదు. వాడేమి చేసెనో, ఏ వేళ చేసెనో, అంతకుముందు ఏమి జరిగెనో చెప్పవలెను.

ఈ పద్ధతియొక్క బలము సామాన్యముగా కనుపించును గాని సామాన్యమైనది కాదు. కోపము వేడిగా నున్నపుడు తాను న్యాయవంతుడనని ప్రతి మనుజుడు నమ్మును. రాత్రి దీపము ముందు గూర్చుండి అదే సంగతిని వ్రాయబోవునపుడు కలము కొన్నిచోట్ల నాగును. ఆగినచోట తన లోపము దాగియుండును. మరియొకరు దానిని చదువుదురన్న యెఱుక అబద్ధమును గొంత యరికట్టును. ఆ చదువువారు దండింపరన్న నమ్మకము నిజమును గొంత పైకి దెచ్చును. ఈ రెండును గూడినగాని ఆ పుస్తకము పనిచేయదు. పై యధికారి తప్పు పట్టుకొనుటకే చదువునెడల, సేవకుడు శ్రావ్యమైన అసత్యములను వ్రాయును.

వార్సాలోని ఉపాధ్యాయ విద్యార్థులకు ఆయన ఇచ్చిన యొక పాఠమును గూర్చి శిష్యులు చెప్పుకొనెడివారు. ఒక చిన్నవానిని వెంటబెట్టుకొని విద్యార్థులందరిని ఆస్పత్రిలోని ఎక్స్‌రే గదికి రమ్మనెనట. చీకటిగదిలో, కొత్తవారి నడుమ ఆ పిల్లవాని గుండె వేగముగా గొట్టుకొనుట తెరపై కనబడెను. బిడ్డపై చేయి యెత్తదలచినపుడు దీనిని జ్ఞాపకముంచుకొనుడని చెప్పి, పాఠము ముగించెనట.

ఐనను కాపరికి కోపమే రాకూడదని కొర్చాకు చెప్పలేదు. అట్టివాడు లోకమున లేడు. ఉన్నట్లు నటించువాడు అపాయకరుడు. పిల్లవానితో ‘నీపై నాకు మధ్యాహ్న భోజనము వరకు కోపము’ అనియో, ‘రాత్రి భోజనము వరకు కోపము’ అనియో గడువు పెట్టి చెప్పు నలవాటు ఆయనకు గలదు. ఆ గడువు గడచిన పిదప కోపము లేదు. దాచిన కోపము ఎప్పుడు పేలునో బిడ్డ కెరుక లేక వణకును. గడువుగల కోపమును చూచి బిడ్డ కొంత నవ్వుకొనును, కొంత దిద్దుకొనును.

ఇచ్చట నా సంగతి యొకటి చెప్పక తప్పదు. నా పడుచుతనమున ఒక వసతిగృహమున సాయంకాలము బాలురకు లెక్కలు చెప్పుచుంటిని. ఒకనాడు నల్లబల్లపై వడ్డీ లెక్క వేయుచుండగా, ముందు వరుసలోని బాలు డొకడు నవ్వెను. ఎందుకు నవ్వితివని యడుగలేదు. దగ్గరకు బోయి చెంపపై గొట్టితిని. గది నిశ్శబ్దమయ్యెను. అందరు నన్ను గౌరవించుచున్నారని యనుకొంటిని. వెనుకకు దిరిగి చూడగా, మూడవ పంక్తిలో నేను వేసిన కూడిక తప్పు. ఆ పిల్లవాడు దానిని కనిపెట్టి నవ్వెను. నిజము చెప్పవలెనన్న, వాడు నవ్విన క్షణముననే ఏదో తప్పు జరిగినదని నాకు లోలోపల తట్టినది. తట్టినందుననే కొట్టితిని. గుడ్డతో ఆ పంక్తిని తుడిచి, సరిచేసి, పాఠము సాగించితిని. క్షమింపుమని వానిని వేడలేదు. వా డంతవరకు లెక్కలలో అందరికంటె ముందు చేయి యెత్తువాడు. తరువాత నా తరగతిలో వాడు చేయి యెత్తగా నేను చూడలేదు. కొర్చాకు గ్రంథము నా చేతికి వచ్చునప్పటికి చాల సంవత్సరములు గడచినవి. ఐదు ఫిర్యాదుల సంగతి చదివినపుడు నాకు మొదట జ్ఞప్తికి వచ్చినది ఆ నల్లబల్ల.

‘మొక్కై వంగనిది మానై వంగునా’ యని మనము పిల్లలను గూర్చి చెప్పుదుము. ఆ సామెతను కాపరివైపు త్రిప్పి చూడుడు. అతడు మొక్క గాడు, మ్రాను. అతడు వంగునా? వంగునని కొర్చాకు జీవితము చెప్పుచున్నది. కాని ఒక్క దినమున గాదు, ఒక్క యుపన్యాసముతో గాదు. ప్రతిరాత్రి వ్రాతతో, పదుగురి యెదుట నొప్పుకోలుతో, మరల తప్పి మరల దిద్దుకొనుటతో.

1930వ దశాబ్దమున ఆయన ‘ముసలి డాక్టరు’ అను మారుపేరుతో పోలండు రేడియోలో మాటలాడెను. యూదుడని తెలిసిన కొందరు సహింపరను వెఱపుతో అసలు పేరు చెప్పనీయలేదు. ఐనను వినువారు లక్షోపలక్షలుగా నుండిరి. ఆ ప్రసంగములు కొన్ని 1939లో చిన్న పుస్తకముగా నచ్చుపడెను. ఆ సంవత్సరము సెప్టెంబరులోనే జర్మనులు పోలండుపై బడిరి. 1940లో యూదులను గోడలనడుమ నిర్బంధించినపుడు ఆ అనాథగృహమును క్రొహ్మల్నా వీథిని విడిచి గోడల లోపలికి బోవలసి వచ్చెను. తప్పించుకొను మార్గమును స్నేహితులు చూపినను కొర్చాకు పిల్లలను విడువలేదు.

1942 జూలై 18వ తేదీన ఆ గృహమున పిల్లలు రవీంద్రనాథ ఠాకూరుగారి ‘డాక్ ఘర్’ నాటకము నాడిరి. వ్యాధిగ్రస్తుడై గవాక్షము ప్రక్కనుండి లోకమును జూచుచు, రాజుగారి జాబు కొఱకు నిరీక్షించు బాలుని కథ యది. మరణమును శాంతముగా స్వీకరించుటకు పిల్లలను సిద్ధపరుపవలెనని ఆ నాటకము నెన్నుకొనెనని చెప్పుదురు. వంగదేశపు కవి వ్రాసిన నాటకము, ఆకలితో నలిగిన ఆ యూదు బిడ్డలకు ఆ ఘడియలో తోడు నిలిచినది. నాలుగు దినముల పిమ్మట వార్సానుండి యూదులను మరణశిబిరములకు తరలించుట ఆరంభమయ్యెను.

ఆ దినములలో కొర్చాకు వ్రాసిన దినచర్య నిలిచి, 1958లో నచ్చుపడెను. 1942 ఆగస్టు 4వ తేదీనాటి కడపటి వ్రాతయందు, ఉదయమున కిటికీలో పూలమొక్కలకు నీరు పోయుచు, క్రింద తుపాకి చేతబూని నిలిచిన కావలి సైనికుని జూచి, వీడు తన దేశమున నేమి చేయుచుండెడివాడో, పల్లెటూరి బడిపంతులై యుండునేమో యని తలపోసెను. తన్ను చంపవచ్చిన వానిలో సైత మొక పంతులును వెదకెను. ఇతరుల మనస్సును జూచు కన్ను ముప్పదియేండ్ల సాధనచే అట్టి ఘడియయందును మూతపడలేదు. ఒకటి రెండు దినములలో ఇంచుమించు రెండువందల పిల్లలతో, స్టెఫానియాతో, తక్కిన సేవకులతో గూడ ఆయన రైలుస్థలమునకు నడచిపోయెను. వారిని త్రెబ్లింకా మరణశిబిరమున వధించిరి.

నేడు మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఈ గుణమునకు ఉద్వేగ ప్రజ్ఞ యని పేరిడిరి. 1990లో పీటర్ సాలోవే, జాన్ మేయర్ అను అమెరికా పండితులు దానిని వివరించుచు వ్యాసము వ్రాసిరి. 1995లో డానియెల్ గోల్‌మన్ గ్రంథము దానిని లోకమంతట వ్యాపింపజేసినది. తన మనస్సున నేమి జరుగుచున్నదో తానెరుగుట దానికి పునాది యని చెప్పిరి. మన దేశమున 2009 నాటి విద్యాహక్కు చట్టపు 17వ విభాగము బడిలో పిల్లలను గొట్టుటను, మనస్సు నొప్పించి వేధించుటను నిషేధించినది. మంచిదే. కాని చట్టము చేతిని పట్టగలదు గాని, చేతిని లేపు కోపమును పట్టజాలదు. నాలుకకు చేయి కంటె పదును హెచ్చు.

కనుక గ్రామపెద్దలకు నాదొక మనవి. మీ యూర సాయంకాలపు చదువులు చెప్పుట కొక యువకునో, యువతినో కుదుర్చునపుడు, ఎంత చదివితివని యడుగుడు, అదియు కావలసినదే. దానితోపాటు, పిల్లవానిపై నీకు కడపటిసారి కోపము వచ్చిన దెన్నడు, అపు డేమి చేసితివి, ఎందులకు వచ్చినదని యడుగుడు. ఎన్నడును రాలేదనువానిని గూర్చి కొంచెము సందేహింపుడు. తడబడుచు నిజము చెప్పువానికి ఒక నోటుపుస్తకము కొనియిండు. నెలకొకమారు మీలో నొకరు దానిని ఓర్పుతో చదువుడు. తప్పు పట్టుట కొఱకు గాదు. ఆ మ్రాను వంగుటకు తోడ్పడుట కొఱకు.